పెంపుడు కుక్క పేరు మీద డే కేర్, ట్రైనింగ్ సెంటర్: స్థలం చూశాం, ముందు ఏం మార్చాలి?

నార్సింగి_నేస్తం
అందరికీ నమస్కారం. మా ల్యాబ్రడార్ చిన్ని పేరు మీద డాగ్ డే కేర్, దాంతోపాటు ట్రైనింగ్ మొదలుపెట్టాలని అనుకుంటున్నాం. నార్సింగి దాటాక 600 గజాల జాగా చూశాం. అందులో 1500 చదరపు అడుగుల పాత ఇల్లు ఉంది. నేల తాండూరు బండలు, ప్రహరీ 5 అడుగులు, గేటు ఒకటే. ఒక వేపచెట్టు, గోడ వారగా గన్నేరు మొక్కలు ఉన్నాయి. 30 కుక్కలు పడతాయని మా అంచనా. ముందు దేని మీద డబ్బు పెట్టాలో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

తోకల_బడి
నమస్తే అండి. ముందు ఆ 30 సంగతి. బయటి జాగా చూసి లెక్క వేసినట్టున్నారు. ఏప్రిల్‌లో పొద్దున పది దాటితే, జులైలో ముసురు పట్టితే కుక్కలన్నీ లోపలే ఉంటాయి. కాబట్టి వాన పడిన రోజు కప్పు కింద ఎన్ని మసలగలవో అదే మీ సంఖ్య. 1500 అడుగుల్లో ముందు గది, స్నానాల గది, విశ్రాంతి గది తీసేస్తే ఆటకు మిగిలేది 1000 అడుగులు. పెద్ద కుక్క ఒక్కోదానికి 70 నుంచి 100 చదరపు అడుగులు వదలాలి. 70 చొప్పున వేసినా 14 దాటదు.

డబ్బు మొదట గేటు మీద పెట్టండి. ఉన్న గేటు లోపల రెండో గేటు, మధ్యలో 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఖాళీ. ఒకటి మూతపడ్డాకే రెండోది తెరవాలి. లోపలి గేటు కుక్కలు ఉన్న వైపుకే తెరుచుకోవాలి, అప్పుడు పది కుక్కలు కలిసి తోసినా ఇంకా బిగుసుకుంటుంది తప్ప తెరుచుకోదు. గొళ్లెం స్ప్రింగుది పెట్టించండి. పైకెత్తి తీసే మామూలు గొళ్లేన్ని హస్కీ ముక్కుతో లేపేస్తుంది.

ప్రహరీ 5 అడుగులు చాలదు. ఇంకో అడుగున్నర జాలీ పెంచి, పై అంచు లోపలికి వంచండి. గోడకు 4 అడుగుల లోపు ఏసీ పెట్టె, మెట్టు, బోర్లించిన డ్రమ్ము ఏదీ ఉండకూడదు, అవన్నీ నిచ్చెనలే. బీగల్ తవ్వుతుంది కాబట్టి మట్టి ఉన్న చోట గోడ పొడవునా అడుగున్నర లోతు జాలీ పాతి, పైన కాంక్రీటు వేయించండి.

గన్నేరు ఈ వారమే వేళ్లతో సహా తీయించండి. ఆకు, పువ్వు, కాండం అన్నీ గుండెకు విషమే. కుండీల్లో సైకస్ ఉంటే అదీ తీయించండి, దాని గింజ మరీ ప్రమాదం. వేపచెట్టు మాత్రం వదలకండి, ఆ నీడ ఎంత డబ్బు పోసినా రాదు.

షిట్జూ_ఇల్లు
తాండూరు బండలు చల్లగా ఉంటాయి కదా, మంచిదేగా?

తోకల_బడి
చల్లదనం నిజమే అక్కా. కానీ అది సున్నపురాయి, మూత్రాన్ని పీల్చుకుంటుంది. వాసన వస్తోందని యాసిడ్ పోస్తే రాయి ఇంకా తినేసి గరుకు పడి, మరింత పీలుస్తుంది. పైగా బండకీ బండకీ మధ్య సందుల్లో పిడుదులు గుడ్లు పెడతాయి. బండలు పీకక్కర్లేదు. సందులు గోకి ఎపాక్సీ గ్రౌట్ నింపి, పైన గరుకు తగిలేలా ఎపాక్సీ పూత వేయించండి. నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మాత్రం వద్దు. పరుగులో మలుపు తిరిగేటప్పుడు వెనక కాళ్లు జారి మోకాలి లిగమెంటు తెగుతుంది, బరువెక్కిన ల్యాబ్‌లో మరీ.

వాలు 10 అడుగులకు 2 అంగుళాలు ఉండాలి. నీళ్లు పోసి చూడండి, మూలల్లో నిలిస్తే పూత వేయకముందే సరిచేయించుకోవాలి. గోడలకు 4 అడుగుల ఎత్తు వరకు టైల్స్ లేదా ఎపాక్సీ పెయింటు. మగ కుక్కలు తడిపేది అక్కడే.

పశువైద్యం_గుంటూరు
చేర్చుకునే ముందు కాగితాల సంగతి నేను చెబుతాను. టీకా కార్డు యజమాని నోటి మాటగా కాదు, డాక్టరు సంతకం, సీసా స్టిక్కరు ఉన్నది చూడాలి. రేబిస్, ఏడాది లోపుది. డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్, లెప్టోస్పైరా కలిసిన టీకా. లెప్టో భాగం ప్రతి ఏడాదీ పడాల్సిందే, ఎందుకంటే వానాకాలం కాలవల్లో ఎలుకల మూత్రం ఉంటుంది, ఆ జబ్బు మీ పనివాళ్లకూ వస్తుంది. కెన్నెల్ కాఫ్ (కుక్కల అంటు దగ్గు) టీకా ముక్కులో వేసేదయితే చేరడానికి కనీసం మూడు రోజుల ముందు వేయించాలి. మూడు నెలలకోసారి నట్టల మందు.

కుక్కపిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా టీకాలు సాగుతాయి. ఆఖరి డోసు పడి రెండు వారాలు అయ్యాకే పెద్ద గుంపులోకి తీసుకోండి.

పిడుదుల మందు తేదీ వేరే కాలమ్‌లో రాసుకోవాలి. ఫ్లూరలానర్ మాత్ర 12 వారాలు, అఫాక్సోలానర్ మాత్ర నెల పనిచేస్తాయి. తేదీ దాటిన కుక్కను గేటు దగ్గరే ఆపండి. మన దగ్గర ఉండే గోధుమరంగు పిడుదు ఇంటి లోపలే, గోడ పగుళ్లలో బతికే రకం. ఒక ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది. ఎర్లీషియా, బబీసియా అనే రక్తం జబ్బులు రెండూ దాని వల్లే. సెంటరుకు పిడుదులు పట్టాయంటే నెలల తరబడి వదలవు.

క్లిక్కర్_కృష్ణాతీరం
డాక్టర్ గారూ, పిల్లల విషయంలో ఒక్క మాట. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకే కదా కుక్కపిల్ల లోకాన్ని భయం లేకుండా నేర్చుకునేది. 18 వారాల దాకా ఇంట్లోనే ఉంచితే ఆ అదను దాటిపోతుంది. ఆటో చప్పుడుకు, గొడుగుకు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయికి జీవితాంతం భయపడే కుక్క తయారవుతుంది.

పశువైద్యం_గుంటూరు
ఒప్పుకుంటాను. నేనన్నది పెద్ద కుక్కల గుంపు గురించి. పిల్లల క్లాసు వేరు. మొదటి టీకా పడి వారం దాటితే చాలు, క్లాసుకు రావచ్చు. మూడు షరతులు: కడగడానికి వీలున్న విడి గది, పెద్ద కుక్కలు తిరిగిన మట్టిలో కాలు పెట్టకపోవడం, క్లాసుకు ముందు గది మొత్తం డిసిన్ఫెక్ట్ చేయడం. గేటు నుంచి గది వరకు చంకలో ఎత్తుకొనే తీసుకురావాలి.

నార్సింగి_నేస్తం
డిసిన్ఫెక్ట్ అంటే ఫినాయిల్ సరిపోతుందా? రోజుకు రెండు పూటలు వేయిద్దామనుకున్నాం.

పశువైద్యం_గుంటూరు
సరిపోదండి. పార్వో వైరస్‌కు కొవ్వు పొర ఉండదు. ఫినాయిల్, డెట్టాల్ లాంటివి దాన్ని ఏమీ చేయలేవు. ఫినాయిల్ వాసనకు శుభ్రమైందనిపిస్తుంది, వైరస్ అలాగే నెలల తరబడి ఉంటుంది. పైగా తడి ఫినాయిల్ మీద నడిచి పాదాలు నాకితే నోరు, పాదాలు పుండ్లు పడతాయి.

పని చేసేది సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచ్ ద్రావణం, హైపో అంటాం. 5 శాతం ద్రావణం అయితే 10 లీటర్ల బకెట్‌కు 330 ఎంఎల్. వరస ఇదీ: ముందు మలం ఎత్తేయాలి, తర్వాత మామూలు నీళ్లతో మూత్రం కడిగేయాలి, సబ్బు నీళ్లతో రుద్ది మళ్లీ కడగాలి, అప్పుడు హైపో చల్లి పది నిమిషాలు తడిగా వదిలేయాలి, చివర కడిగి ఆరబెట్టాలి. మలం మీదే హైపో పోస్తే ఆ మురికే క్లోరిన్‌ను తినేస్తుంది, వైరస్‌కు మిగలదు. మూత్రం మీద పోస్తే ఘాటు గ్యాసు లేస్తుంది. బాత్‌రూం యాసిడ్‌తో కలిస్తే ప్రాణానికే ముప్పు, ఆ రెండు సీసాలూ ఒకే గదిలో పెట్టనివ్వకండి.

కలిపిన బకెట్ ఆ రోజుకే. ఎండలో, వేడిలో క్లోరిన్ బలం పోతుంది. డబ్బా మీద తయారీ తేదీ చూసి కొనండి, అలమారలో ఏడాది మగ్గిన డబ్బాలో బలం సగం కూడా ఉండకపోవచ్చు. హైపో వాసన పడని చోట పొటాషియం పెరాక్సీమోనోసల్ఫేట్ పొడి లీటరుకు 10 గ్రాములు కలిపి వాడొచ్చు. అదీ పది నిమిషాలు తడిగా ఉండాలి.

మట్టినీ గడ్డినీ మాత్రం ఏ మందూ పూర్తిగా శుభ్రం చేయలేదు. అందుకే పార్వో అనుమానం ఉన్న కుక్కను గేటు లోపలికి రానివ్వకపోవడం ఒక్కటే దారి.

ఆస్టిన్_లో_అనకాపల్లి
ఇక్కడ అమెరికాలో చాలా డే కేర్లలో మొదటి రోజు ట్రయల్ తప్పనిసరి. ట్రయల్ లేకుండా ఎంత డబ్బిచ్చినా చేర్చుకోరు. ఆట గదికి కెమెరా పెట్టి యజమానులకు ఫోన్లో చూపిస్తారు. మన దగ్గర కూడా పెడితే నమ్మకం పెరుగుతుంది.

తోకల_బడి
ట్రయల్ తప్పనిసరి, అందులో మాటే లేదు. కెమెరా పెట్టండి కానీ, లైవ్ అందరికీ ఇచ్చే ముందు ఆలోచించండి. కుక్కలు ఆటలో పళ్లు చూపిస్తాయి, మెడ పట్టుకుంటాయి. తెలియని యజమాని ఆఫీసులో కూర్చొని అది చూసి కంగారుగా ఫోన్ చేస్తే, ఆ ఫోన్ ఎత్తడానికి మీ మనిషి కుక్కల మీద నుంచి కన్ను తీస్తాడు. రికార్డింగు 30 రోజులు దాచండి, అడిగితే చూపించండి.

ట్రయల్ ఇలా చేయాలి. వారం మధ్యలో, గుంపు తక్కువున్న రోజు, రెండు మూడు గంటలు. యజమాని గేటు దగ్గరే వదిలి వెళ్లిపోవాలి. కొత్త కుక్కను నేరుగా గుంపులోకి వదలొద్దు. మొదట పది నిమిషాలు ఖాళీ గదిలో వాసన చూసుకోనివ్వండి. తర్వాత జాలీ అవతల నెమ్మదస్తురాలైన ఒక్క కుక్కను నిలబెట్టండి. ఒంపుగా తిరిగి వచ్చి పక్కనుంచి వాసన చూస్తే సంతోషం. ఎదురెదురుగా నిక్కి, నోరు మూసి, తోక కర్రలా పైకెత్తి కదలకుండా నిలబడితే ఆపేయండి. కుక్క మొరిగినప్పటి కన్నా, బిగుసుకుపోయి నిశ్శబ్దం అయినప్పుడే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. ఆ ఒక్కదానితో కుదిరాక రెండోది, తర్వాత మూడోది.

అది ఆటా, వేధింపా అని అనుమానం వస్తే చిన్న పరీక్ష ఉంది. పైన ఉన్న కుక్కను మెల్లిగా పక్కకు పట్టుకోండి. కిందున్నది తిరిగి దాని దగ్గరికే వస్తే అది ఆట. దులుపుకొని దూరం వెళ్లిందంటే దానికి చాలనిపించింది, విడదీయండి.

గుంపులు బరువును బట్టి, ఆడే తీరును బట్టి కూడా. షిట్జూ కీచుమని పరిగెత్తితే వెనక పడిన పెద్ద కుక్కలో వేట బుద్ధి క్షణంలో లేస్తుంది, అంతకుముందు గంటసేపు స్నేహంగా ఆడినా సరే. 10 కిలోల లోపువాటికి గది వేరు, గేటు వేరు. ఎనిమిది కుక్కలకు ఒక మనిషి, గదిలో కుక్కలున్నంత సేపు ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు.

ఆటకు ముందు మెడ బెల్టులన్నీ తీసేయండి. ఒకదాని కింది దవడ ఇంకోదాని బెల్టులో ఇరుక్కుంటే రెండూ మెలి తిరుగుతాయి, నిమిషాల్లో ఊపిరి ఆగుతుంది. అలాంటప్పుడు కోయడానికి బెల్టు కత్తెర గోడకు వేలాడాలి.

షిట్జూ_ఇల్లు
కొట్లాట నిజంగా పడితే?

తోకల_బడి
మెడ దగ్గరికి చెయ్యి పెట్టొద్దు, కాట్లు పడేది అక్కడే. స్టీలు పళ్లెం నేలకేసి కొట్టండి, ముఖం మీద నీళ్లు కొట్టండి. ఆగకపోతే రెండడుగుల వెడల్పు ప్లైవుడ్ పలకకు పిడి బిగించి ప్రతి గదిలో ఉంచండి, మధ్యలోకి దించితే చూపు తెగుతుంది. ఇద్దరు మనుషులుంటే చెరొక కుక్క వెనక కాళ్లు తొడల దగ్గర ఎత్తి, చక్రాల బండిలా వెనక్కి లాగుతూ పక్కకు తిప్పాలి. విడదీశాక రెండింటినీ ఆ రోజుకు మళ్లీ కలపొద్దు. బొచ్చు కింద పంటి గాటు కనిపించదు, వేళ్లతో ఒళ్లంతా తడిమి చూడాలి.

పశువైద్యం_గుంటూరు
మనిషికి కాటు పడితే వెంటనే ధారగా పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి. కుక్కకు టీకా ఉంది కదా అని ఆగొద్దు, ఏం చేయాలో డాక్టరు నిర్ణయిస్తాడు. మీ పనివాళ్లందరికీ చేరేటప్పుడే ముందస్తు రేబిస్ టీకా వేయించండి: 0, 7 రోజుల్లో, తర్వాత 21 లేదా 28వ రోజు. అది పూర్తయినవాళ్లకు కాటు పడితే 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, సీరం అక్కర్లేదు. ఆ ఖర్చు మీరే పెట్టుకోండి. అది పనివాళ్లకు మన బాధ్యత.

ఎండ దెబ్బ గురించీ ఇక్కడే. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. 105 దాటితే అవయవాలు దెబ్బతినడం మొదలు. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కువాటికి ఎండాకాలంలో పొద్దున 9 తర్వాత బయట ఆట వద్దు. నాలుక వెడల్పై ముదురు ఎరుపుకు తిరిగి, చొంగ జిగటగా మారి, తూలుతోందంటే ఒళ్లంతా నీళ్లు పోసి ఫ్యాను కింద పెట్టండి. 103కు దిగగానే నీళ్లు ఆపి ఆసుపత్రికి. ఒక్క సంగతి మరవకండి: మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు కాలిపోతుంటాయి. 200 లీటర్ల డ్రమ్ము నీడలో నింపి ఉంచుకోవాలి.

లెక్కలపద్దు
సంఖ్యలు మాట్లాడుకుందాం. ఉదాహరణకు అద్దె 50,000, ముగ్గురు పనివాళ్లకు తలా 18,000 చొప్పున 54,000, కరెంటు, నీళ్లు 12,000, శుభ్రతకూ తిండికీ 10,000, డాక్టరు నెల ఒప్పందం 5,000. మొత్తం 1,31,000. రోజుకు 600 రుసుము, నెలకు 22 పనిరోజులు అనుకుంటే ఒక కుక్క స్థానం నెలకు 13,200 తెస్తుంది. రోజూ 10 కుక్కలొస్తే ఖర్చు తేరుతుంది. 14 నిండితే మిగిలేది దాదాపు 54,000. మొదటి ఆరు నెలలు 5, 6 కుక్కలతోనే నడుస్తుందని అనుకొని, ఆ లోటుకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకొని దిగండి.

14 నిండితే ఏడాది రాబడి 22 లక్షలు దాటుతుంది. సేవలకు జీఎస్టీ పరిమితి 20 లక్షలు, దాటకముందే నమోదు చేసుకోండి. పశువైద్యానికున్న మినహాయింపు డే కేర్‌కు, ట్రైనింగ్‌కు వర్తించదు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే చేయించండి. అద్దె ఒప్పందంలో కుక్కల సెంటరు అని స్పష్టంగా రాయించాలి, లేదంటే పక్కింటివాళ్లు మొరుగుళ్ల మీద ఫిర్యాదు చేసిన రోజున ఇంటి ఓనరు చేతులెత్తేస్తాడు.

యజమాని సంతకం చేసే కాగితంలో: అత్యవసర వైద్యానికి ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు, ఏ ఆసుపత్రికి, ఆలస్యంగా తీసుకెళ్తే గంటకు ఎంత. ‘ఏం జరిగినా మాది బాధ్యత కాదు’ అని రాసుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం కేసు ఆగదు. మన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ముప్పు రాకుండా చూడని నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షనే ఉంది.

క్లిక్కర్_కృష్ణాతీరం
ట్రైనింగ్ గురించి ఎవరూ అడగలేదు కానీ, పేరులో పెట్టారు కాబట్టి చెబుతాను. సెంటర్లో బుద్ధిగా కూర్చునే కుక్క ఇంటికెళ్లి మాట వినకపోతే తప్పు కుక్కది కాదు. కుక్కకు చోటు మారితే పాఠం మళ్లీ కొత్తదే. వారానికోసారి అరగంట యజమానిని కూర్చోబెట్టి, ఆయన చేతనే చేయించాలి. దీనికి ఒప్పుకోని వాళ్ల దగ్గర ట్రైనింగ్ ఫీజు తీసుకోవద్దు.

మాటల దగ్గరే సగం గందరగోళం. పిల్లలు ‘సిట్’ అంటారు, అమ్మమ్మ ‘కూచో’ అంటుంది, నాన్న ‘కూర్చోరా’ అంటాడు. చేర్చుకునే రోజే ఇంట్లో అందరితో ఒక మాటల పట్టిక రాయించి, ఒకటి ఫ్రిజ్ మీద, ఒకటి మీ గోడ మీద అంటించండి. పిలుపుకు ‘రా’ మాత్రం ఎంచుకోకండి. మన ఇళ్లలో కుక్కతో రోజంతా ‘ఏంట్రా, తిన్నావురా, పోరా’ అంటూనే ఉంటాం. వందసార్లు ఫలితం లేకుండా చెవిన పడ్డ శబ్దానికి నూటొకటోసారి ఎందుకు పరిగెత్తుకొస్తుంది? ‘ఇటొచ్చేయ్’ లాంటి విడి మాట గానీ, విజిల్ గానీ పెట్టండి.

విజిల్ నేర్పేది ఇలా. మొదటి మూడు రోజులు కుక్క పక్కనే ఉండగా ఊది వెంటనే బఠాణీ గింజంత ఉడికించిన చికెన్ ముక్క. పూటకు పదిసార్లు, అంతే. నాలుగో రోజు నుంచి రెండడుగుల దూరం, తర్వాత గది అవతలి నుంచి, తర్వాత 10 మీటర్ల తాడుతో పెరట్లో. దూరం పెంచిన రోజు ఇతర కుక్కలు ఉండకూడదు, ఇతర కుక్కలను తెచ్చిన రోజు దూరం తగ్గించాలి. రెండూ ఒకేసారి పెంచితే పాఠం కూలిపోతుంది. ఒక్కో పాఠం ఐదు నిమిషాలు మించొద్దు. వచ్చాక తిట్టొద్దు, వెంటనే బెల్టు వేసి ఆట ముగించొద్దు. వస్తే ఆట అయిపోతుందని అది లెక్క కట్టేస్తుంది.

ముళ్ల బెల్టు, షాక్ బెల్టు మీ గేటు దాటకూడదు. గుంపులో నొప్పి కలిగితే కుక్క ఆ నొప్పిని పక్కనున్న కుక్కకు అంటగడుతుంది, కొట్లాట అక్కడ పుడుతుంది.

తోకల_బడి
రెండు మాటలు మిగిలాయి. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అన్నీ విడివిడి గూళ్లలో పడుకోవాల్సిందే. పొద్దంతా ఆడితేనే డబ్బుకు తగ్గ సేవ అని యజమానులు అనుకుంటారు. అలసిన కుక్క పసిపిల్లాడిలా పేచీకి దిగుతుంది, సాయంత్రం 4 గంటల కొట్లాటలన్నీ నిద్ర లేకే. ఆటకు ముందూ వెనకా గంట తిండి వద్దు, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతు ఛాతీ జాతులకు కడుపు మెలిపడే ముప్పు ఉంది. ఇంటి నుంచి పెరుగన్నం డబ్బాలు వస్తాయి, వచ్చీ రాగానే ఫ్రిజ్‌లో పెట్టకపోతే మధ్యాహ్నానికి పులిసి విరేచనాలు. ప్రసాదం, పాయసం ఏదొచ్చినా ఎండుద్రాక్ష ఉంటుంది, కుక్కల కిడ్నీలు దెబ్బతింటాయి, గేటు దగ్గరే తిరిగి ఇచ్చేయండి.

సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది, రాత్రి బస కోసం ఫోన్లు మోగిపోతాయి. డిసెంబరు మొదటి వారం తర్వాత కొత్త కుక్కను తీసుకోకండి. ట్రయల్ చూడని కుక్క, దాని యజమాని రాజమండ్రిలో, మీ దగ్గర రాత్రి కాపలా ఒక్కడు: ఆ మూడూ కలవకూడదు.

నార్సింగి_నేస్తం
అందరికీ ధన్యవాదాలు. గన్నేరు తీసేవాళ్లు రేపొస్తున్నారు. 30 కొట్టేసి 12 రాసుకున్నాం, చిన్న కుక్కలకు వెనక గది విడిగా కేటాయించాం. వెల్డరు రెండో గేటుకు కొలతలు అడుగుతున్నాడు, కింద ఎంత సందు వదలమంటారు?

తోకల_బడి
అంగుళమున్నర, రెండు దాటొద్దు. నీళ్లు బయటికి పోవాలంటే సందు పెంచడం కాదు, గేటు కింద అడ్డంగా జాలీ మూతతో కాలవ తీయించండి. నిలువు కడ్డీల మధ్య కూడా రెండు అంగుళాలే. కింద రెండడుగుల వరకు రేకు కొట్టించండి, లేకపోతే కాళ్లు ఇరుక్కుంటాయి. వెల్డింగు అంచులు గ్రైండర్‌తో నున్నగా చేశాడో లేదో అరచేత్తో తడిమి చూసుకున్నాకే డబ్బులివ్వండి.